ఐసుకు చోటులేని బండి

ఎర్రదిన్నెలో తిప్పేస్వామి అని ఒకడుండేవాడు. గొర్రెలకు సూదిమందు వేయడం అతని పని, చేతికొచ్చిన వస్తువును సింగారిస్తూ అది ఎందుకొచ్చిందో మరిచిపోవడం అతని గుణం.

మనిషి చెడ్డవాడు కాదు. ఆ మాట ముందే చెప్పేస్తున్నాను. ఈ కథలో చెడ్డవాళ్ళెవరూ లేరు. ఒక్కడైనా ఉంటే వాణ్ణి నాలుగు తిట్టుకుని మనసు తేలిక చేసుకునేవాళ్ళం. తిప్పేస్వామిది మంచి చెయ్యి. గొర్రె మెడ దగ్గర తోలును రెండు వేళ్ళతో పైకి లాగి సూది గుచ్చితే దానికి తెలిసేది కూడా కాదు. కాపరులు అతన్ని చూస్తే పిలిచి మజ్జిగ ఇచ్చేవాళ్ళు.

ఎర్రదిన్నె చుట్టూ ఉన్నవన్నీ మెట్ట ఊళ్ళు. వాన పడితే వేరుశనగ, పడకపోతే గొర్రెలు. అక్కడి కాపరులంతా కలిసి ఒక సంఘం పెట్టుకున్నారు. సంఘానికి వహీదా అనే పశువుల డాక్టరు ఉండేది. మందులన్నీ ఆమె గదిలో ఫ్రిజ్‌లో ఉండేవి. వాటిని ఊరూరా తీసుకెళ్ళి మందలకు వేసేవాడు తిప్పేస్వామి.

ఆ మందుల్లో ముఖ్యమైనది పారుడు రోగం మందు. ఈ రోగం ఎలాంటిదో మీకు తెలియాలి. మొదట గొర్రెకు ఒళ్ళు కాలిపోయే జ్వరం వస్తుంది. ముక్కు కారుతుంది. నోరంతా పుళ్ళు పడి మేత ముట్టదు. తర్వాత పారడం మొదలవుతుంది. ఒకదానికి వస్తే మందంతా అంటుకుంటుంది. వచ్చాక కాపాడడం కష్టం కాబట్టి రాకముందే సూది వేయించాలి. ఆ మందుకొక షరతు ఉంది. ఫ్రిజ్‌లోంచి తీసినప్పటి నుంచి గొర్రె ఒంట్లోకి వెళ్ళేదాకా అది ఐసు మధ్యనే ఉండాలి. ఒకసారి వేడెక్కితే ఇక అది ఉత్త నీళ్ళే. చూడ్డానికి మాత్రం ఏ తేడా ఉండదు. రంగు మారదు, వాసన రాదు.

మునుపు తిప్పేస్వామి ఐసు పెట్టెను భుజాన వేసుకుని బస్సు దిగి నడిచేవాడు. దూరపు ఊళ్ళు చేరేలోగా ఐసు కరిగిపోయేది. అలాంటప్పుడు మందు వేయకుండా వెనక్కి తెచ్చేసేవాడు. కాపరులు విసుక్కున్నా సరే తెచ్చేసేవాడు. అతని అవస్థ చూసి సంఘం వాళ్ళు ఒక బ్యాటరీ బండి కొన్నారు. సీటు వెనక ఇనప చట్రం బిగించి, దాని మీద నీలం రంగు ఐసు పెట్టెను కూర్చోబెట్టారు. తాళం చెవి ఇస్తూ డాక్టరమ్మ ఒక మాట చెప్పింది.

"బండి నీకు కాదు తిప్పేస్వామీ, ఆ పెట్టెకు. నువ్వు పెట్టెకు డ్రైవరువి. గుర్తుపెట్టుకో."

"అట్లనే మేడం," అన్నాడు తిప్పేస్వామి. కళ్ళు మాత్రం బండి ముందున్న చిన్న తెర మీదే ఉన్నాయి. ఉన్న చార్జింగుతో ఇంకా ఎన్ని కిలోమీటర్లు పోవచ్చో ఆ తెర మీద అంకెల్లో కనిపిస్తోంది.

కొన్నాళ్ళు బాగానే గడిచింది. దూరపు ఊళ్ళకు కూడా మందు చల్లగా చేరింది. ఆ తర్వాత ఎవరో, ఈ బండికి ఫోనులో ఒక యాప్ ఉంటుందనీ, దాంట్లోంచి సెట్టింగులు మార్చుకోవచ్చనీ చెప్పారు. ఇక చూడాలి మనవాణ్ణి. బండి కదిలేటప్పుడు ఎంత మెత్తగా కదలాలి, ఎంత వేగం దాటకూడదు, బ్రేకు పట్టినప్పుడు ఎంత కరెంటు తిరిగి బ్యాటరీలోకి రావాలి, అన్నీ ఆ యాప్‌లోనే మార్చుకోవచ్చు. అన్నం తింటూ మార్చేవాడు. మంచం మీద పడుకుని మార్చేవాడు. తారు రోడ్డుకు ఒకటి, ఇసక వంకకు ఒకటి, ఎదురుగాలికి ఒకటి అని సెట్టింగులు చేసి వాటికి పేర్లు పెట్టుకున్నాడు. ఆ చుట్టుపక్కల ఉన్నది ఒకే ఒక్క గుట్ట. దానికి ఎక్కేటప్పుడు ఒకటి, దిగేటప్పుడు ఒకటి!

సెట్టింగులయ్యాక సంచుల మీద పడ్డాడు. ఎర్రదిన్నెలో లారీలకు టార్పాలిన్ పట్టలు కుట్టే గౌస్ అనే అతనుండేవాడు. అతని దగ్గరికి వెళ్ళి బండికి కొలతలిచ్చాడు. అటొక సంచి, ఇటొక సంచి, ముందొకటి, సీటు కిందొకటి. నల్ల పట్ట, ఎర్ర దారం. సంచుల లోపల పనిముట్లకు అరలు. పానాలు వరసగా ఒక అరలో, అల్లెన్ కీలు ఒక అరలో, చేతిపంపు, పంచరు సామాను, టైరు విప్పే కడ్డీలు, ఫ్యూజులు, కరెంటు చూసే మీటరు, చుట్టచుట్టిన టేపు, ఏ పనిముట్టు ఆకారానికి ఆ అర.

"ఇన్ని సామాన్లు యాలప్పా? మెకానిక్ షాపు పెడతావా?" అన్నాడు గౌస్ కుడుతూ.

"దావలో ఏమన్నా అయితే?"

"ఇంతవరకు ఏమన్నా అయిందా?"

"కాలేదు. అయితే?"

గౌస్ నవ్వి కుట్టు మిషను తొక్కాడు. అడిగినవాడికి కుట్టివ్వడం అతని పని.

సంచులు తగిలించి, పనిముట్లు సర్ది, తిప్పేస్వామి బండిని ఊరంతా ఒకసారి తిప్పాడు. జనం ముక్కున వేలేసుకున్నారు. కానీ ఇంటికొచ్చి తెర చూసుకునేసరికి అతని మనసు చివుక్కుమంది. బరువు పెరిగింది కదా, కిలోమీటర్ల అంకె తగ్గింది. మామూలు మనిషైతే తగ్గితే తగ్గిందిలే, వెళ్ళాల్సిన ఊళ్ళకు సరిపోతుంది అనుకునేవాడు. తిప్పేస్వామికి ముద్ద దిగలేదు. ఏ బరువు తీసేయాలా అని బండి ముందు కూర్చున్నాడు. పానాలు తీసి చూశాడు. ఖాళీ అర పన్నూడిన నోరులా కనిపించింది. మళ్ళీ పెట్టేశాడు. పంపు తీశాడు, పెట్టేశాడు. మీటరు తీయడానికి చెయ్యే రాలేదు. చివరికి అతని చూపు వెనకనున్న నీలం పెట్టె మీద పడింది.

పెట్టె బరువు. పెట్టెలో ఐసు ఇంకా బరువు. ఇనప చట్రం మట్టి దారిలో గలగలమంటుంది. పైగా నల్ల సంచుల మధ్య ఆ నీలం రంగు ఏమీ బాగాలేదు. తిప్పేస్వామి పానా తీసుకుని చట్రం విప్పేశాడు. ఆఫీసులకు అన్నం తీసుకెళ్ళే మెత్తటి సంచి ఒకటి కొని, దాంట్లో గుప్పెడు ఐసు పోసి, మందు సీసాలు పెట్టి, పక్క సంచిలో ఒక మూల ఇరికించాడు. అంకె పెరిగింది. ముద్ద దిగింది.

డాక్టరమ్మ మందును గదిలోనే తీసిచ్చేది. బయటికొచ్చి బండిని చూసేంత తీరిక ఆమెకుండేది కాదు. అప్పటికింకా చలి పోలేదు. దగ్గరి ఊళ్ళకు రెండుమూడు సార్లు అలాగే వెళ్ళొచ్చాడు. మందు చల్లగానే ఉంది. ఏమీ కాలేదు కదా అనుకున్నాడు. ఈ "ఏమీ కాలేదు కదా" అన్న మాట వింటే నాకు ఒళ్ళు మండుతుంది. అయ్యేదాకా అందరూ అనే మాటే అది.

తిప్పేస్వామి తిరిగే ఊళ్ళలో అన్నిటికన్నా దూరంగా ఉన్నది బూదిగుట్ట. అక్కడ మాళక్క అనే ఆమె, ఆమె భర్త బీరప్ప మంద మేపుకుని బతికేవాళ్ళు. సెంటు భూమి లేదు. ఉన్నదంతా ఆ మందే. పెళ్ళయిన కొత్తలో వాళ్ళకొక మంద ఉండేది. అది పారుడు రోగంతోనే తుడిచిపెట్టుకుపోయింది. ఆ తర్వాత మాళక్క ఇంకొకరి గొర్రెలను పాలుకు మేపింది. తన వంతుకు వచ్చిన పిల్లలను అమ్మకుండా పెంచుకుంటూ, ఏళ్ళకేళ్ళు కష్టపడి మళ్ళీ ఒక మంద చేసుకుంది. అందులో ప్రతి గొర్రె తల్లి ఎవరో, తల్లికి తల్లి ఎవరో ఆమెకు తెలుసు.

సూదిమందంటే బూదిగుట్టలో అందరికీ భయమే. సూది వేస్తే చూలు గొర్రెలు ఈచుకుపోతాయని, కడుపులోని పిల్ల దక్కదని అనేవాళ్ళు. వాళ్ళను ఒప్పించింది మాళక్క. ముందు తన మందకు వేయించి, తన గొర్రెలు చక్కగా ఈనాక అందరికీ చూపించింది. అప్పటినుంచి, మాళక్క వేయిస్తే మేమూ వేయిస్తాం అనేవాళ్ళు మిగతా కాపరులు.

ఆ ఏడు శివరాత్రి వెళ్ళి ఎండ ముదిరింది. బూదిగుట్ట మందలు మర్నాడు కాలువ కింది ఊళ్ళకు వలస బయల్దేరాలి. ఏటా ఉన్నదే అది. అక్కడ కోతలైన పొలాల్లో మందలు మేస్తాయి, రాత్రిపూట ఏదో ఒక పొలంలో పడుకుంటాయి. ఎరువు పడుతుందని రైతులే పిలిచి మందను తమ పొలంలో కట్టించుకుంటారు, కాపరులకు గింజలిస్తారు. ఎక్కడెక్కడి మందలో అక్కడ కలుస్తాయి. అందుకే బయల్దేరేముందు సూది పడి తీరాలి. మాళక్క కబురు పెట్టింది. తిప్పేస్వామి మందు తీసుకుని పొద్దున్నే బయల్దేరాడు.

సగం దారిలో వెనక చక్రం దగ్గర సన్నగా కీచుమంది. బ్రేకు పట్టినప్పుడు మాత్రమే వచ్చే చప్పుడు. బండి చక్కగా నడుస్తోంది. ఇంకొకడైతే వెళ్ళిపోయేవాడు. తిప్పేస్వామికి ఆ చప్పుడు పెళ్ళిపిలుపులా వినిపించింది. ఇన్నాళ్ళకు పనిముట్లు తీసే అవకాశం! రోడ్డు కూడలిలో టీ అంగడి ముందు బండి ఆపి, సంచులు తెరిచి, ఒక్కొక్కటే తీసి గోనె పట్ట మీద పేర్చాడు. చుట్టూ జనం మూగారు.

"ఇదేంది సామీ?" అన్నారు ఒకరు.

"అల్లెన్ కీ. దీనికి ఆరు మూలలుంటాయి."

"ఇది?"

"కరెంటు ఎంతుందో చూసేది."

చక్రం విప్పాడు. బ్రేకు తుడిచాడు. బిగించాడు. కొంచెం దూరం నడిపి చూసి, ఇంకా కీచుమంటోందని మళ్ళీ విప్పాడు. ఫోను తీసి సెట్టింగు మార్చాడు. ఎవరో టీ ఇచ్చారు. అతని జీవితంలో అంత సంతోషంగా గడిచిన పూట మరొకటి లేదేమో. బండి నడి ఎండలో నిలబడి ఉంది. నల్ల పట్ట ఎండను పీల్చుకుంది. ఆ పట్ట వెనక, ఒక మూలన, గుప్పెడు ఐసు కరిగిపోతోంది. చప్పుడు పోయింది. జనం మెచ్చుకున్నారు. తిప్పేస్వామి పనిముట్లన్నీ తుడిచి, ఏ అరలోది ఆ అరలో సర్ది, అప్పుడు బయల్దేరాడు.

అతను బూదిగుట్ట చేరేసరికి మధ్యాహ్నం దాటిపోయింది. మందలన్నీ మేతకు పోకుండా దొడ్లలోనే ఉన్నాయి. మాళక్క ఎదురొచ్చింది.

"ఏమప్పా తిప్పేసామీ, ఇంత పొద్దు చేసినావు? జీవాలు పొద్దున్నుంచి కడుపు మాడ్చుకోని నిలబడినాయి."

"బండి మొరాయించింది మాళక్కా. బాగుచేసుకోని వచ్చేసరికి ఇంతైంది."

తిప్పేస్వామి పక్క సంచి తెరిచాడు. మెత్తటి సంచిలో చెయ్యి పెట్టాడు. గోరువెచ్చటి నీళ్ళు తగిలాయి. సీసా పట్టుకున్నాడు. అది వెచ్చగా ఉంది. ఇంకొకటి పట్టుకున్నాడు. అదీ వెచ్చగానే ఉంది.

ఇక్కడ కాసేపు ఆగుతాను. ఎందుకంటే తిప్పేస్వామికి కూడా ఇక్కడ ఆగే వీలుంది. ఐసు కరిగింది, మందు పాడైంది, రేపొక్క రోజు ఆగండి, మళ్ళీ తెస్తాను అని ఒక్క మాట చెబితే సరిపోయేది. వాళ్ళు విసుక్కునేవాళ్ళు, తిట్టేవాళ్ళు, ఆగేవాళ్ళు. భుజాన పెట్టె మోసిన రోజుల్లో అతను ఎన్నోసార్లు చెప్పిన మాటే అది. కానీ ఈసారి మందు వెనక్కి తీసుకెళ్తే డాక్టరమ్మ అడుగుతుంది, పెట్టె ఉండగా ఐసు ఎలా కరిగిందని. పెట్టె ఏదని. ఊరు ఊరంతా మెచ్చుకున్న బండిని చూసి ఆమె ఏమంటుందో అతనికి తెలుసు. ఆ సిగ్గు అతనికి ఆ దొడ్లోని గొర్రెలన్నిటికన్నా పెద్దదిగా కనిపించింది.

"మాళక్కా, రొన్ని నీళ్ళు ఇస్తావా?" అన్నాడు.

మాళక్క కొత్త కడవలోని నీళ్ళు చెంబు నిండా తెచ్చింది. చల్లటి నీళ్ళు. తిప్పేస్వామి సగం తాగాడు. మిగిలిన సగంలో మందు సీసాలు ముంచాడు.

"యాల నీళ్ళల్లో పెడ్తాండావు?" అన్నాడు బీరప్ప.

"మందు చల్లగా ఉండల్లప్పా," అన్నాడు తిప్పేస్వామి.

కాసేపటికి సీసాలు చేతికి చల్లగా తగిలాయి. తిప్పేస్వామి వాటిని పట్టుకుని చూసి, బాగానే ఉన్నాయి అనుకున్నాడు. విరిగిపోయిన పాలను చల్లారబెడితే మంచి పాలవుతాయా? అది అతనికి తెలియని విషయం కాదు. తెలిసిన విషయాన్ని తెలియనట్టు పక్కకు నెట్టేశాడు, అంతే. మందు కలిపి సూదిలోకి ఎక్కించాడు. మాళక్క ఒక్కో గొర్రెనూ కాళ్ళ మధ్య అదిమిపట్టుకుంది. అది బెదరకుండా నుదురు నిమిరింది. తిప్పేస్వామి ఒక్కటి కూడా వదలకుండా అన్నిటికీ వేశాడు. ఎప్పటిలాగే మంచి చెయ్యి. ఒక్క గొర్రె కూడా అరవలేదు. ఆమె మంద తర్వాత మిగతా మందలకూ వేశాడు.

"ఇంగ భయం లేదు కదా?" అని అడిగింది మాళక్క.

"ఏం భయం లేదు మాళక్కా. పక్షం రోజులు పోనీ. ఆ తర్వాత ఏ మంద పక్కన కట్టినా నీ జీవాలకు ఏం కాదు."

అంత గట్టిగా అతను ఎప్పుడూ చెప్పలేదు. మందు మంచిదైన రోజుల్లో చెప్పాల్సిన అవసరమే పడలేదు. మాళక్క రెండు జొన్న రొట్టెలు గుడ్డలో కట్టి ఇచ్చింది. తిప్పేస్వామి వాటిని ముందు సంచిలో పెట్టుకుని ఇంటికి వచ్చేశాడు.

మందలు కాలువ కిందికి వెళ్ళాయి. కొన్ని వారాలు ఎవరి దారిన వాళ్ళు మేపుకున్నారు. ఒక ఊళ్ళో ఒక పెద్ద రైతు మాళక్క మందను తన పొలంలో కట్టమని పిలిచాడు. పొలం పెద్దది కాబట్టి ఇంకో మందను కూడా పిలిచాడు. అది ఎక్కడో తూర్పు నుంచి వచ్చిన మంద. రెండు మందలూ పక్కపక్కనే నిలిచాయి. బీరప్ప ఆ గొర్రెలను చూసి భార్యను పక్కకు పిలిచాడు.

"వాటి ముక్కులు చూసినావా? చీదుతాండాయి. మనం ఇంకో తావుకు పోదాం పా."

మాళక్క కూడా చూసింది. ఆమెకు పాత మంద గుర్తొచ్చింది. కానీ ఇక్కడ నీళ్ళున్నాయి, మేత ఉంది, రైతు మంచివాడు. పైగా ఇప్పుడు భయపడాల్సిన పనేముంది?

"మన వాటికి సూది పడింది కదా. పక్షం ఎప్పుడో దాటింది. ఏ మంద పక్కన కట్టినా ఏం కాదని తిప్పేసామి చెప్పినాడు," అంది.

సూదే పడకపోయుంటే ఆమె ఆ క్షణమే మందను తోలుకుపోయేది. రోగం అంటే ఏమిటో కళ్ళారా చూసిన మనిషి ఆమె. కనుచూపు మేరలోకి కూడా ఆ మందను రానిచ్చేది కాదు. తిప్పేస్వామి వేసిన సూది గొర్రెలకు బలమివ్వలేదు సరికదా, మాళక్కకున్న భయాన్ని కూడా తీసేసింది. ఆ భయమొక్కటే ఆ మందకు కాపలా.

మొదట ఒక పిల్ల మేత మానేసింది. తర్వాత దాని తల్లి. తర్వాత ఏది ఎప్పుడు పడిందో చూసుకోవడానికి కూడా లేకుండా పోయింది. మాళక్క వాటి నోళ్ళు తెరిచి పుళ్ళకు పసుపు, వెన్న రాసింది. వేళ్ళతో గంజి పోసింది. అవి మింగలేక కార్చేశాయి. పేరు పెట్టి పిలిస్తే పరిగెత్తుకొచ్చే బొల్లి గొర్రె, పిలిస్తే తల మాత్రం ఎత్తింది. మర్నాటికి అదీ ఎత్తలేదు. రైతు భయపడి పొలం ఖాళీ చేయమన్నాడు. బతికున్నవాటిని తోలుకుని, నడవలేనివాటిని మోసుకుని వాళ్ళు రోడ్డు మీదికి వచ్చారు. దారి పొడుగునా ఒక్కోచోట ఒక్కో గుంత తవ్వుకుంటూ బూదిగుట్టకు వచ్చారు. చివరికి దొడ్లోకి తోలడానికి మంద అనేది లేదు. రెండు పొట్టేళ్ళు మిగిలాయి. వాటిని గుంజకు కట్టేసి మాళక్క సంఘం ఆఫీసుకు నడిచింది.

డాక్టరమ్మ ఆమెను కూర్చోబెట్టి అన్నీ అడిగింది. రోగం లక్షణాలు వింటూనే ఆమె ముఖం మారిపోయింది. గది మూలన నిలబడి ఉన్న తిప్పేస్వామి వైపు తిరిగింది.

"ఆ రోజు మందు చల్లగానే ఉందా?"

ఇది రెండో అవకాశం. తిప్పేస్వామి నేల చూశాడు.

"ఉంది మేడం."

"ఐసు?"

"ఉంది మేడం."

ఎన్నో ఏళ్ళుగా ఎండలో నడిచి, ఐసు కరిగితే మందు వెనక్కి తెచ్చిన మనిషి మాట అది. డాక్టరమ్మ నమ్మింది. చాలాసేపు ఆలోచించి, మాళక్క చెయ్యి పట్టుకుని మెల్లగా చెప్పింది. "మాళక్కా, సూది వేసేనాటికే నీ జీవాలు వేరే ఏదో జబ్బుతో నీరసించి ఉండాలి. అలాంటప్పుడు మందు పనిచేయదు. నీకు కనబడి ఉండదు."

మాళక్క ఆమె ముఖంలోకి చూసింది. "అంటే నేనే సూసుకోలేదా మేడం?"

మాళక్క లేచి, తిప్పేస్వామి ముందుకొచ్చి ఆగింది.

"నువ్వు అంత దూరం ఎండలో వచ్చి వేసిపోయినావు సామీ. నా ఖర్మకు నువ్వేం చేస్తావు," అని వెళ్ళిపోయింది.

ఆమె తిట్టి ఉంటే తిప్పేస్వామి బతికిపోయేవాడు. ఆ రోజు ఇంటికొచ్చి సంచులన్నీ కోసేశాడు. మూలన పడేసిన ఇనప చట్రం తెచ్చి మళ్ళీ బిగించాడు. నీలం పెట్టె కడిగి ఎక్కించాడు. బాగుంది. ఎప్పుడు? దొడ్డి ఖాళీ అయ్యాక! నిజం మాత్రం ఎవరికీ చెప్పలేదు. రేపు చెబుదాం, ఎల్లుండి చెబుదాం అనుకుంటూ వానాకాలం దాకా వచ్చాడు.

వానలు పడ్డాయి. వలస వెళ్ళిన మందలన్నీ ఇళ్ళకు చేరాయి. మాళక్క మంద తప్ప మిగతా బూదిగుట్ట మందలు ఆ కాలంలో వేరే దారిన వెళ్ళి క్షేమంగా తిరిగొచ్చాయి. అంతలో పక్క ఊళ్ళో పారుడు రోగం కనబడిందని కబురొచ్చింది. బూదిగుట్ట మందలకు వేసినదంతా మంచి మందే అనుకుంటోంది డాక్టరమ్మ. అది ఉత్త నీళ్ళని తెలిసినవాడు తిప్పేస్వామి ఒక్కడే. ఇక ఆగలేక, "ఆ ఊరికి మళ్ళీ వేయాలి మేడం," అని మాత్రం అన్నాడు. ఎందుకో చెప్పలేదు. జాగ్రత్త కోసం అడుగుతున్నాడనుకుని ఆమె సరేనంది. ఈసారి తానే జీపులో వచ్చింది. ముందు బండి మీద తిప్పేస్వామి, వెనక పెట్టె నిండా ఐసు.

ఊరి మొదట్లోనే కాపరులు ఎదురొచ్చారు. మాళక్క అందరికన్నా ముందుంది.

"వద్దు మేడం. మాకు సూది వద్దు."

"పక్క ఊళ్ళోకి రోగం వచ్చింది మాళక్కా. ఇప్పుడు వేయించకపోతే కష్టం."

"వేయించుకుంటే ఏమైందో నేను సూసినా కదా. వీళ్ళందరికీ సూది మంచిదని చెప్పింది నేనే. నా ఇల్లు నేనే కూల్చుకున్నా, సరే. వీళ్ళ ఇండ్లు కూల్చలేను."

డాక్టరమ్మ ఎంత చెప్పినా వాళ్ళు కదల్లేదు. అప్పుడు తిప్పేస్వామి బండి దిగాడు. ముందుకొచ్చి మాళక్క కాళ్ళ దగ్గర మట్టిలో కూర్చున్నాడు. అంతా చెప్పాడు. పెట్టె తీసేసిన సంగతి, టీ అంగడి దగ్గర బండి విప్పిన సంగతి, వెచ్చబడిన సీసాలు, చెంబు నీళ్ళు, అన్నీ చెప్పాడు.

"మందు మంచిది మాళక్కా. చెడగొట్టింది నేను. మీ అందరికీ నేను వేసింది ఉత్త నీళ్ళు. ఈ పొద్దు పెట్టె సూడండి, నిండా ఐసే. నన్ను కొట్టండి, ఊర్లోకి రానియ్యొద్దండి. జీవాలకు మాత్రం సూది వేయించుకోండి."

కాపరుల్లో ఒకాయన, "డాక్టరమ్మకు మాట రాకుండా నెత్తిన వేసుకుంటాండాడు," అన్నాడు. అవునవునని నలుగురు తలలూపారు.

మాళక్క మాత్రం అతన్నే చూస్తూ ఉంది. ఆమె కళ్ళలో కోపం లేదు.

"ఆ పొద్దు ఏం భయం లేదని గట్టిగా చెప్పినావు. నమ్మినా. మేడం అడిగితే ఐసు ఉందని చెప్పినావు. అదీ నమ్మినా. ఈ పొద్దు అదంతా అబద్ధం, ఇది నిజం అంటాండావు. నేను దేన్ని నమ్మల్ల తిప్పేసామీ?"

ఆమె వెనక్కి తిరిగింది. కాపరులు మందలను తోలుకుని గుట్టవైపు వెళ్ళిపోయారు. డాక్టరమ్మ జీపు దగ్గర నిలబడి, "ఆ తల్లితో నా నోటితో కూడా అబద్ధం చెప్పించావు కదయ్యా," అంది.

ఆ వానాకాలం వెళ్ళకముందే రోగం బూదిగుట్టలోకి వచ్చింది. తిప్పేస్వామి రోజూ పొద్దున్నే వెళ్ళి ఊరి బయట బండి ఆపుకుని కూర్చునేవాడు. పెట్టెలో ఐసు నిండుగా ఉండేది. మందు చల్లగా ఉండేది. గుట్ట కింద గుంతలు తవ్వుతున్న చప్పుడు వినిపించేది. ఎవరూ అతన్ని పిలవలేదు.

నీతి: చేసే పనికన్నా చేతిలోని పనిముట్టును ఎక్కువగా ప్రేమించేవాడు ముందు తనను నమ్మినవాళ్ళను ముంచుతాడు, ఆ తప్పును వెంటనే ఒప్పుకోకపోతే, తర్వాత నిజం చెప్పినా అది ఎవరినీ కాపాడలేదు.